మిషిగన్ సరస్సు నుంచి మెక్సికో సింధుశాఖకు తెరచాప పడవలో: లాకుల కన్నా ముందు ఆలోచించాల్సినవి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: మిషిగన్ సరస్సులో మీకు 30 అడుగుల తెరచాప పడవ ఉంది. దాన్ని నదుల మీదుగా మెక్సికో సింధుశాఖకు చేర్చాలి. దారిలో తెరచాప ఎత్తి పోవచ్చా, మాస్టు (తెరచాప కట్టే స్తంభం) దించాల్సిందేనా, ఇద్దరే మనుషులతో అన్ని లాకులు (నీరు నింపి, ఖాళీ చేసి పడవలను ఎక్కించే, దించే తలుపుల గదులు) దాటడం ప్రమాదమా?

సూటిగా చెబుతాను. నది మీద తెరచాప పని దాదాపు ఉండదు, ఇంజన్ మీదే పోవాలి. మాస్టు దించక తప్పదు, అయితే సముద్రం దాకా దించే ఉంచనక్కర్లేదు. లాకులకు ఇద్దరు ధారాళంగా సరిపోతారు. అసలు ఈ దారి మొత్తంలో తేలికైన భాగం లాకులే. కొత్తగా బయలుదేరేవాళ్ళు వాటి గురించే నిద్ర మానుకుంటారు. ఆ బెంగలో సగమైనా బార్జీల (సరుకు మోసే పెద్ద పడవల) మీద, నీటి మట్టం మీద, డెక్ మీద పడుకోబెట్టిన మాస్టు మీద పెడితే ప్రయాణం బాగా సాగుతుంది.

ఈ దారిలో నేను నా సొంత పడవ నడిపాను (32 అడుగులది, నీటిలో నాలుగున్నర అడుగులు మునుగుతుంది). తర్వాత ఇతరుల పడవలు దిగువకు చేర్చడానికి కూడా తోడు వెళ్ళాను. కింద రాసేది ఆ అనుభవంతోనే. దారి వరుస ఇది: ఇల్లినాయ్ జలమార్గం, మిసిసిపీ, ఒహాయో, కంబర్లాండ్, టెనెసీ నదులు, చివర సింధుశాఖ వైపు దిగే టెనెసీ–టాంబిగ్‌బీ జలమార్గం.

మాస్టు ఎందుకు దించాలి, ఎక్కడ మళ్ళీ ఎత్తాలి

షికాగో నుంచి నైరుతిగా పోయే శానిటరీ అండ్ షిప్ కెనాల్ మీద, జలమార్గపు మైలు గుర్తుల లెక్కలో 300.6వ మైలు దగ్గర, పైకి లేవని వంతెన ఒకటి ఉంది. నీటికీ దానికీ మధ్య ఖాళీ సుమారు 19.6 అడుగులు. దాన్ని తప్పించుకునే దారి లేదు. సరస్సులోంచి లోపలికి రావడానికి నగరం మధ్య నుంచి ఒక దారి, దక్షిణాన కాల్యుమెట్ నది వైపు నుంచి మరొకటి ఉన్నాయి కానీ, ఆ రెండూ కలిసిన తర్వాతే ఈ వంతెన వస్తుంది. నగరం దారిలో వంతెనలు ఇంకా తక్కువ ఎత్తు, 17 అడుగుల దాకా ఉంటాయి. అందుకే తెరచాప పడవలు ఎక్కువగా కాల్యుమెట్ వైపు నుంచి వస్తాయి.

మాస్టును బయలుదేరే రేవులోనే క్రేన్‌తో దించి, డెక్ మీద మూడు చెక్క గుర్రాలపై పడుకోబెట్టండి. ఒకటి ముక్కు దగ్గర, ఒకటి మాస్టు నిలబడే చోట, ఒకటి వెనుక. నిలబడి చుక్కాని పట్టినప్పుడు మాస్టు మీ కళ్ళకు అడ్డం రాని ఎత్తులో గుర్రాలు కట్టించుకోండి. రోజుకు ఎనిమిది గంటలు ఒక కర్రకు అటూ ఇటూ తొంగి చూస్తూ నడిపితే మెడ పట్టేస్తుంది. స్ప్రెడర్లు (మాస్టుకు అడ్డంగా ఉండే కడ్డీలు) విప్పి లోపల పెట్టండి. మాస్టును నిలబెట్టే ప్రతి స్టే తీగకూ పేరు రాసి చీటీ కట్టండి, ప్రతి పిన్నునూ దాని తీగతోనే కట్టి ఉంచండి. విప్పినరోజు అన్నీ గుర్తుంటాయి. రెండు నెలల తర్వాత ఒక్కటీ గుర్తుండదు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. మీ రేడియో యాంటెనా, ఇంజన్ మీద పోతున్నప్పుడు వెలగాల్సిన తెల్ల దీపం, లంగరు దీపం మూడూ మాస్టు మీదే ఉన్నాయి. మాస్టు దిగిందంటే మీకు రేడియో లేదు, దీపాలు లేవు. వెనుక కమ్మీకి వేరే యాంటెనా బిగించి, ఊరు వదలక ముందే ఎవరితోనైనా మాట్లాడి పరీక్షించండి. ఈ నది మీద రేడియో లేకుండా పోవడం కళ్ళకు గంతలు కట్టుకుని రోడ్డు దాటడమే.

మాస్టు దిగాక పడవ నడక కూడా మారుతుంది. పైన బరువు లేకపోవడంతో ఊగుడు తగ్గుతుందని అనుకుంటారు. నిజానికి ఊపు మరీ వేగంగా, కుదుపుతో వస్తుంది, ఎందుకంటే ఊపును నెమ్మదింపజేసేది ఆ పైబరువే. పక్కనుంచి పెద్ద మోటారు పడవ దూసుకుపోయినప్పుడు ఈ తేడా తెలిసివస్తుంది. మాస్టును కట్టిన పట్టీలు ఆ కుదుపుకే వదులవుతాయి. ప్రతి ఉదయం బిగించి చూసుకోవాలి.

మీ 30 అడుగుల పడవ మీద 40 అడుగుల మాస్టు అంటే ముందూ వెనుకా కలిపి పది అడుగులు బయటికి పొడుచుకు వస్తుంది. లాకులో పడవ కాస్త వంకరగా తిరిగినా ముందుగా గోడకు తగిలేది ఆ కొనే. రెండు కొనలకూ ఎర్రగుడ్డ కట్టండి. చిక్కులొచ్చే వస్తువులు మాస్టు తలవైపే ఎక్కువ కాబట్టి ఆ కొనను వెనక్కి, మీ కంటి ముందు ఉండేలా పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం. కొందరు మాస్టును లారీ మీద నేరుగా దారి చివర, అలబామాలోని మొబైల్ అనే రేవుకు పంపేస్తారు. డెక్ ఖాళీగా ఉంటుంది, నిజమే. కానీ దానివల్ల ఈ ప్రయాణంలో ఉన్న ఒకే ఒక్క మంచి తెరచాప ప్రయాణం పోతుంది.

అది కెంటకీ సరస్సు. టెనెసీ నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట వెనుక 184 మైళ్ళ పొడవున నిలిచిన నీరు. దాని ఉత్తరపు కొసన క్రేన్ ఉన్న రేవులో మాస్టు ఎత్తించుకోవచ్చు. అక్కడినుంచి సముద్రం దాకా వంతెనల కనీస ఎత్తు సుమారు 52 అడుగులు, నీరు పెరిగితే ఆ మేరకు తగ్గుతుంది. 30 అడుగుల పడవల మాస్టులు సాధారణంగా అంతకు లోపే ఉంటాయి. శరదృతువులో ఉత్తరపు గాలి వీచిన రోజున ఆ సరస్సు మీద ఇంజన్ ఆపి తెరచాప విప్పితే, అంతవరకు మోసిన కర్ర బరువంతా గిట్టుబాటవుతుంది.

ఇక లాకులు

కాల్యుమెట్ నుంచి ఇల్లినాయ్ జలమార్గం మీద ఎనిమిది, మిసిసిపీ మీద రెండు, ఒహాయో మీద ఓల్మ్‌స్టెడ్ ఒకటి, కంబర్లాండ్ మీద బార్క్‌లీ ఒకటి, టెనెసీ మీద పిక్‌విక్ ఒకటి, టెనెసీ–టాంబిగ్‌బీ జలమార్గం మీద పది, దాని కింద డెమోపోలిస్, కాఫీవిల్ రెండు. మొత్తం 25. భయపెట్టే సంఖ్యే. కానీ గమనించండి, వీటిలో మీరు పైకి ఎక్కేది ఓల్మ్‌స్టెడ్, బార్క్‌లీ, పిక్‌విక్ అనే మూడింటిలోనే. మిగతావన్నీ కిందికి దిగేవి. నీరు నిండేటప్పుడే లాకులో సుడులు లేస్తాయి. ఖాళీ అయ్యేటప్పుడు పడవ మెల్లగా కుంగుతుంది, అంతే.

లాకులో నీటిని తోడే పంపులు ఉండవు. ఎగువ కవాటం తెరిస్తే గోడల్లోని సొరంగాల గుండా నీరు వచ్చి గది నిండుతుంది, దిగువ కవాటం తెరిస్తే ఖాళీ అవుతుంది. రెండు రెక్కల తలుపు ఎగువవైపు కోణంగా మూసుకుంటుంది కాబట్టి నీటి ఒత్తిడే దాన్ని బిగించి పట్టుకుంటుంది. ఇల్లినాయ్ జలమార్గం మీది లాక్‌పోర్ట్ దగ్గర గది 600 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు, దిగుడు సుమారు 40 అడుగులు. లెక్కవేస్తే ఒక్కసారి దించడానికి దాదాపు ఏడున్నర కోట్ల లీటర్ల నీరు దిగువకు పోతుంది. అంత నీరు పోతున్నా, లోపల ఉన్న మీకు తడి గోడ పైకి పెరుగుతున్నట్టే కనిపిస్తుంది తప్ప కుదుపు తెలియదు. అన్నిటికన్నా పెద్ద దిగుడు టెనెసీ–టాంబిగ్‌బీ మీది జేమీ విటెన్ లాకు, 84 అడుగులు. అదీ ఇలాగే ప్రశాంతంగా ఉంటుంది.

చేయాల్సిన పని ఇది. అర మైలు దూరం నుంచే రేడియోలో లాకును పిలిచి పడవ పేరు, పొడవు, ఏ వైపు పోతున్నారో చెప్పండి. ఏ లాకు ఏ చానల్లో వింటుందో ముందే రాసి పెట్టుకోండి, అన్నిటికీ ఒకటే కాదు. పడవకు రెండు వైపులా ఫెండర్లు (గోడ రాపిడి తగలకుండా కాపాడే మెత్తలు) వేలాడదీయండి. ఏ గోడకు రమ్మంటారో చివరి నిమిషం దాకా తెలియదు. డెక్ మీద ఉన్న ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి. పచ్చ దీపం వచ్చాక మెల్లగా లోపలికి పోండి.

చాలా లాకుల్లో గోడలోని నిలువు గాడిలో తేలే ఇనుప గుంజలు ఉంటాయి. నీటితో పాటే అవీ దిగుతాయి. పడవ నడుము దగ్గరి క్లీట్‌కు (తాడు కట్టే కొమ్ముకు) తాడు ఒక కొస కట్టి, గుంజ చుట్టూ తిప్పి, రెండో కొస మళ్ళీ పడవ మీదికి తెచ్చుకోండి. ఇద్దరిలో ఒకరు ఆ తాడు పట్టుకుంటే మరొకరు చుక్కాని దగ్గర ఉంటారు. ఒక్క నడుము తాడు చాలు. గుంజ గాడిలో జారుతూ పెద్దగా మూలుగుతుంది. మొదటిసారి వింటే ఏదో విరిగిపోతోందని అనిపిస్తుంది, పట్టించుకోకండి.

రెండో కొసను మాత్రం ఎన్నడూ ముడి వేయకండి. గుంజ గాడిలో ఇరుక్కోవచ్చు. తేలే గుంజలు లేని లాకుల్లో పైనుంచి తాళ్ళు వదులుతారు, నీరు దిగేకొద్దీ మీరు వదులుతూ పోవాలి. ఒకసారి మా ముందున్న మోటారు పడవలో ఒకాయన ఆ తాడును క్లీట్‌కు రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి, ఫోనుతో ఫోటోలు తీసుకుంటున్నాడు. నీరు రెండడుగులు దిగేసరికి పడవ గోడవైపు ఒరిగింది. తాడు తీగలా బిగుసుకుని నీళ్ళు చిమ్మింది, క్లీట్ కిర్రుమంది. ఒరిగిన బరువు మీద ముడి విప్పడం ఎవరి వల్లా కాదు. ఆయన భార్య వంటగది కత్తి తెచ్చి కోసింది. పడవ దబ్బున పడి సర్దుకుంది కానీ, తెగిన తాడు కొస ఆయన చెవి పక్కగా పోయింది. అందుకే పదునైన కత్తి ఒకటి తాడు పట్టినవాళ్ళ చేతికి అందేచోట ఉండాలి. తాడును చేతికి చుట్టుకోవడమూ ఇంతే ప్రమాదం.

పైకి ఎక్కే మూడు లాకుల్లో నడుము గుంజకు తోడు ముందు, వెనుక ఫెండర్లు ఇంకొన్ని వేయండి. గది ముందు కొసన కన్నా వెనుక సగంలో సుడులు తక్కువ. చోటు ఎంచుకునే అవకాశం ఇస్తే వెనుకే నిలబడండి.

మీ ఓపికకు అసలు పరీక్ష ఎదురుచూపు. ఈ లాకులు నడిపేది అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం. విహార పడవల నుంచి రుసుము తీసుకోరు, కానీ వరుసలో మీది చివరి స్థానం: ప్రభుత్వ పడవలు, ప్రయాణికుల పడవలు, సరుకు బార్జీలు, ఆ తర్వాతే మీరు. బార్జీలతో కలిపి పంపడం కుదరకపోతే, లాకు గుండా మూడుసార్లు పడవలను దాటించడానికి పట్టే సమయం లోపల విహార పడవలకు విడిగా ఒకటి ఇవ్వాలని నిబంధన ఉంది. అయినా లాకు మాస్టర్‌తో వాదనకు దిగకండి. మర్యాదగా, క్లుప్తంగా మాట్లాడిన పడవలను ఆయన రెండు బార్జీల మధ్య దూర్చేస్తాడు. విసుగు ప్రదర్శించిన పడవలు గంటల తరబడి గట్టు పక్కన తిరుగుతూ ఉండటం నేను చూశాను.

బార్జీలే అసలు విషయం

ఒక్కో బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. ఇల్లినాయ్ నది మీద మూడు వరుసల్లో అయిదేసి చొప్పున పదిహేను బార్జీలను ఇనుప తీగలతో కట్టి, వెనుకనుంచి ఒక టోబోటు నెట్టుకుంటూ వస్తుంది. దానితో కలిపితే వెయ్యి అడుగులు దాటుతుంది. 600 అడుగుల లాకులో అది ఒకేసారి పట్టదు. సగం విప్పి ముందు పంపి, మిగతా సగాన్ని తర్వాత పంపి, మళ్ళీ కట్టుకోవాలి. దానికే గంటన్నర, రెండు గంటలు పోతాయి. మీ ఎదురుచూపులకు కారణం ఇదే. సెయింట్ లూయీ దిగువన లాకులు లేవు కాబట్టి అక్కడి గుంపులు ఇంకా పెద్దవి.

అంత బరువు ఆగాలంటే మైలు దాకా పట్టవచ్చు. టోబోటు నడిపేవాడికి తన ముందున్న బార్జీల అవతల చాలా దూరం నీరు కనబడదు. మీరు ఆ చోట ఉంటే మీరు లేనట్టే లెక్క. కాబట్టి వంపు తిరిగే ముందు 13వ చానల్లో పిలిచి, మీరెక్కడున్నారో చెప్పి, ఏ వైపునుంచి దాటమంటారో అడగండి. "ఒక విజిల్" అంటే, ఎదురెదురుగా వస్తున్నప్పుడు ఇద్దరి ఎడమ పక్కలూ ఎదురయ్యేలా దాటాలి. మీరు వెనుకనుంచి దాటిపోతుంటే అదే మాటకు అర్థం ఆయన కుడి పక్కనుంచి పొమ్మని. "రెండు విజిళ్ళు" దీనికి తారుమారు. ఇప్పుడు ఎవరూ నిజంగా విజిల్ వేయరు, రేడియోలో అంకె చెబుతారు, అంతే. ఆ అంకెను మీరు తిరిగి చెప్పాలి.

వంపుల్లో ప్రవాహంతో దిగుతున్న గుంపు అడ్డంగా జారుతూ బయటి గట్టుదాకా వస్తుంది. అక్కడ మాత్రం ఏ పుస్తకం చెప్పినా, నేను చెప్పినా వినకండి. ఆ కెప్టెన్ ఏం చెబితే అది చేయండి. ఆయన ఆ వంపును మీకన్నా ఎన్నో రెట్లు ఎక్కువసార్లు దాటి ఉంటాడు. గుంపు మిమ్మల్ని దాటిపోయాక వెనుక ఎగసే అలలు కూడా పావుగంట దాకా ఉంటాయి, వెంటనే మధ్యలోకి రాకండి. ఏఐఎస్ పరికరం పెట్టుకోవడానికి డబ్బు ఉంటే దానికే ఖర్చు పెట్టండి. వంపు అవతల ఎవరున్నారో పేరుతో సహా తెలుస్తుంది.

దారిలో కొన్ని చోట్లు

లాక్‌పోర్ట్‌కు ఎగువన, రోమియోవిల్ దగ్గర, ఆసియా కార్ప్ చేపలు సరస్సులోకి రాకుండా నీటిలో విద్యుత్ కంచె ఉంది. అక్కడ ఆగకూడదు, చేతులు నీటిలో పెట్టకూడదు, అందరూ జాకెట్లతో ఉండాలి. ఇంకా దిగువన ఆ చేపలే ఇంజన్ శబ్దానికి బెదిరి ఎగిరి డెక్ మీద పడతాయి. నవ్వులాటగా ఉంటుంది, ముఖానికి తగిలేదాకా.

ఇల్లినాయ్ నది గ్రాఫ్టన్ దగ్గర మిసిసిపీలో కలుస్తుంది. ఆల్టన్ దగ్గర మెల్ ప్రైస్ లాకు దాటాక, చెయిన్ ఆఫ్ రాక్స్ కాలువ మలుపు తప్పిపోకూడదు. అసలు నదిలో నేరుగా పోతే అడ్డంగా రాతి కట్ట ఉంది. బోర్డు పెద్దదే, చూస్తూ ఉంటే మలుపు తప్పిపోరు. ఆ కాలువలోని 27వ లాకు తర్వాత మిసిసిపీ మీద సముద్రం దాకా మరో లాకు లేదు.

గ్రాఫ్టన్ నుంచి కైరో దాకా 218 మైళ్ళు. సెయింట్ లూయీ దాటాక వడి ఎక్కువ, ఆగే చోట్లు తక్కువ. గట్టునుంచి నదిలోకి చొచ్చుకువచ్చిన రాతి గ్రోయిన్లు నీరు పెరిగితే కనబడవు, కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ బోయాల (నీటిలో తేలే దారి గుర్తుల) మధ్యనే ఉండండి. రాత్రి లంగరుకు మాత్రం ఆ గ్రోయిన్ల దిగువ నీడే ఆశ్రయం. లోతు చూసుకుంటూ, దిగువనుంచి ఎదురు ప్రవాహంలో మెల్లగా లోపలికి రండి. కొట్టుకొచ్చే దుంగలు ఉంటాయి కాబట్టి చీకటి పడ్డాక నడపకండి. డీజిల్ దొరికే చోట్లు దూరం దూరంగా ఉంటాయి, డబ్బాల్లో అదనంగా మోసుకెళ్ళండి.

కైరో దగ్గర ఎడమకు తిరిగి, ప్రవాహానికి ఎదురుగా ఒహాయో ఎక్కుతారు. అంతవరకు గంటకు తొమ్మిది మైళ్ళు పోయిన పడవ ఒక్కసారిగా నాలుగైదుకు పడిపోతుంది. ఇంజన్ చెడిందేమోనని కంగారు పడకండి. కొందరు తిరగకుండా మిసిసిపీ మీదే న్యూ ఓర్లీన్స్ దాకా పోతే దగ్గర కదా అంటారు. చిన్న పడవతో నేను పోను. అక్కడ బార్జీల గుంపులు మరీ పెద్దవి, రేవులు మరీ అరుదు.

ఒహాయో నుంచి టెనెసీ నదికన్నా కంబర్లాండ్ మీదుగా ఎక్కడం మంచిది. కెంటకీ ఆనకట్ట లాకు దగ్గర బార్జీల రద్దీ ఎక్కువ. బార్క్‌లీ లాకు ఎక్కి, రెండు సరస్సులను కలిపే కాలువ గుండా కెంటకీ సరస్సులోకి వచ్చేయవచ్చు. 1984 చివర్లో పూర్తయిన టెనెసీ–టాంబిగ్‌బీ 234 మైళ్ళ దారి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. నిలకడైన నీరు, మంచి లాకులు, అడవి.

ఎప్పుడు బయలుదేరాలి

మొత్తం దూరం సుమారు 1,300 మైళ్ళు. రోజుకు 50 మైళ్ళు పోయినా, లాకుల దగ్గర ఎదురుచూపులు, వానలు, మరమ్మతులు కలిపి ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకోండి. తుఫానుల కాలం నవంబరు 30 దాకా ఉంటుంది. ఆ కాలంలో ఫలానా తేదీకి ముందు సింధుశాఖకు రావద్దని చాలా బీమా పత్రాల్లో షరతు ఉంటుంది, మీ పత్రంలో తేదీ చదవండి. సెప్టెంబరు రెండో సగంలో షికాగో వదలడం అందరికీ సరిపోతుంది.

బయలుదేరే ఏడాది ఇల్లినాయ్ లాకుల మరమ్మతు ప్రకటనలు ముందే చూడండి. 2020లోనూ, 2023లోనూ నెలల తరబడి కొన్ని లాకులు మూసేశారు. నీటి మట్టమూ అంతే. 2022 శరత్తులో మిసిసిపీ ఎంత ఎండిందంటే మెంఫిస్ దగ్గర అంతకుముందు లేనంత తక్కువ మట్టం నమోదైంది. బోయాల మధ్య పడవల దారిని తొమ్మిది అడుగుల లోతుకు నిర్వహిస్తారు కాబట్టి మీ కీల్‌కు (పడవ అడుగున ఉండే రెక్కకు) ఆ దారిలో ఇబ్బంది లేదు. కానీ రేవుల ముఖద్వారాల్లో మట్టి పేరుకుంటుంది. లోపలికి వచ్చే ముందు ఫోను చేసి ఈ రోజు ఎంత లోతు ఉందో అడగండి. నిరుడు ఎంత ఉందో పనికిరాదు.

ఇంజన్‌కు చల్లటి నీరు అందించే వడపోతను రోజూ తెరిచి ఆకులు, బురద తీయండి. నీటి పంపు రెక్క ఒకటి, డీజిల్ ఫిల్టర్లు అరడజను అదనంగా ఉంచుకోండి. రెండు నెలలు ఆపకుండా ఇంజన్ మీద నడవడానికి తెరచాప పడవల ఇంజన్లు అలవాటుపడి ఉండవు.

మీరు రాయని సంగతి ఒకటి ఉంది: నీటి మీదనుంచి మాస్టు కొసదాకా ఎత్తు ఎంత? యాంటెనాతో కలిపి 48 అడుగులు దాటితే కెంటకీ సరస్సు దగ్గర ఎత్తే ఆలోచనను నీటి మట్టం చూసుకుని మళ్ళీ లెక్కవేయాలి. ఆ అంకె, ఇంజన్ అశ్వశక్తి రాయండి, ఒహాయో ఎక్కే రోజుల లెక్క కూడా వేసి చెబుతాను.